వేడికో పాతర

పల్లెల్లో పెరిగినవాళ్లకి దాలి గుర్తుండే ఉంటుంది. పెరట్లో ఓ మూల చిన్న గుంట, అందులో పిడకల నిప్పు, పైన పాలకుండ. మంటంటూ కనబడదు, సెగ మాత్రం గంటల తరబడి తగ్గదు. పొద్దున ఎక్కించిన పాలు సాయంత్రానికి ఎర్రగా కాగి మందంగా మీగడ కట్టేవి. పక్కన కూర్చుని ఊదే పని లేదు, పొంగుతాయన్న బెంగా లేదు. నిప్పు రాజెయ్యడం ఒక విద్య. పుట్టిన వేడిని తొందరగా జారిపోనివ్వకుండా పట్టుకోవడం ఇంకో విద్య. దాలి ఈ రెండో విద్యకి చెందినది.

మనకి ఆ విద్య పాలకుండ దాకా చాలింది. మన చలి దుప్పటితో పోయే చలి. నాలుగైదు నెలలు నేల మంచు కింద పడి ఉండే చోట మాత్రం ఇల్లు, వంట, కోళ్లు, తోట, చివరికి పండగ విందు కూడా ఆ విద్య మీదే నడవాలి.

అమెరికా వాయవ్యంలో రాకీ పర్వతాల మధ్య మాంటనా రాష్ట్రం ఉంది. అందులో మిసూలా అనే ఊరికి దగ్గర్లో, సుమారు 200 ఎకరాల కొండ నేల మీద, పాల్ వీటన్ అనే ఆయన మొదలుపెట్టిన ‘వీటన్ ల్యాబ్స్’ అనే పెర్మాకల్చర్ క్షేత్రం నడుస్తోంది. కొంతమంది అక్కడే ఉంటూ, ఇళ్లు కట్టడం, కట్టెలు కొట్టడం, తోట వేయడం నేర్చుకుంటూ, పొయ్యిల మీద ప్రయోగాలు చేస్తుంటారు. అమెరికా, ఐరోపాల్లోని చలి ప్రాంతాల్లో ఇలాంటి సాముదాయిక క్షేత్రాలు చాలానే ఉన్నాయి. క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ మధ్య ఊళ్లన్నీ సెలవుల్లో ఉన్నప్పుడు కూడా వీళ్ల పని ఆగదు. అయితే అది వేసవి పని కాదు. ఆర్నెల్లు కూడబెట్టినదాన్ని లెక్క చూసుకుంటూ వాడుకునే పని.

పెర్మాకల్చర్ అనే మాట 1970లలో ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో పుట్టింది. బిల్ మోలిసన్ అనే అధ్యాపకుడు, డేవిడ్ హోమ్‌గ్రెన్ అనే విద్యార్థి కలిసి 1978లో ‘పెర్మాకల్చర్ వన్’ పుస్తకం తెచ్చారు. ఏటా దున్ని, విత్తి, మళ్లీ మొదటికి వచ్చే సేద్యం బదులు, అడవిలా తనను తాను నిలబెట్టుకునే సేద్యాన్ని మనిషి రూపొందించుకోవచ్చు అన్నది వాళ్ల ఆలోచన. 2002లో హోమ్‌గ్రెన్ దాన్ని పన్నెండు సూత్రాలుగా కుదించాడు. అందులో రెండోది: శక్తి దొరికినప్పుడు పట్టు, పట్టి దాచు. మిగతా పదకొండూ ఏ కాలంలోనైనా అర్థమవుతాయేమో గానీ, ఈ రెండోది వంటబట్టాలంటే చలికాలం చూడాలి.

కుంగిన సూర్యుడు

డిసెంబరు 21న హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దిక్చక్రం నుంచి దాదాపు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. పగలు సుమారు 11 గంటలు. అదే రోజు మిసూలాలో సూర్యుడు ఎక్కగలిగింది 20 డిగ్రీలే. పగలు ఎనిమిదిన్నర గంటలు. మనింట్లో ధనుర్మాసపు ముగ్గు ఆరిపోయే వేళకి కూడా అక్కడ సూర్యుడు పొడవడు.

ఎండ ఏటవాలుగా పడితే అదే వెలుగు ఎక్కువ నేల మీద పరుచుకుని పలచబడుతుంది. 20 డిగ్రీల ఎత్తు నుంచి వచ్చే కిరణం బలంలో చదునైన నేలకి అందేది మూడో వంతు. కానీ అదే కిరణం దక్షిణపు గోడకి దాదాపు సూటిగా తగులుతుంది, 90 శాతానికి పైగా బలంతో. అందుకే అక్కడ ఎండని లెక్క చూసుకుని కట్టే ఇళ్లకి కిటికీలు ఎక్కువగా దక్షిణానే. వేసవిలో సూర్యుడు 66 డిగ్రీలకి ఎక్కినప్పుడు చూరు ఆ ఎండని అడ్డుకుంటుంది. చలికాలంలో ఎండ చూరు కింద నుంచి దూరి గది వెనక గోడ దాకా వస్తుంది. సౌరఫలకాలకీ ఇదే లెక్క. మనం 17 డిగ్రీల వాలుతో పెట్టుకునే పలకని అక్కడ చలికాలంలో 60 డిగ్రీల పైన నిలబెడతారు. పైన పడిన మంచు దానంతటదే జారిపోతుంది, ఎదుటి మంచు మీది వెలుగు కూడా కొంత కలిసొస్తుంది. పైగా చల్లగా ఉన్న పలక అదే ఎండకి కాస్త ఎక్కువ కరెంటే ఇస్తుంది. చిక్కంతా మబ్బుతోనే. మిసూలా లోయలో డిసెంబరు రోజులు ఎక్కువభాగం మసకగానే గడుస్తాయి. కాబట్టి ఏ రోజుకా రోజు ఎండని నమ్ముకుంటే కుదరదు. నమ్మదగింది పాత ఎండే. పాత ఎండ అంటే కట్టె.

పొగని కాల్చే పొయ్యి

కట్టె మండుతోంది అంటాం గానీ, మండేది చాలావరకు కట్టె కాదు. వేడి సుమారు 300 డిగ్రీలకి చేరాక కట్టెలోంచి వాయువులు బయటికొస్తాయి. మంటగా కనబడేది ఆ వాయువులే. అవి పూర్తిగా కాలాలంటే 600 డిగ్రీలకి పైబడిన వేడి, చాలినంత గాలి, కొంత సమయం కావాలి. మామూలు పొయ్యిలో వాటికి అంత వ్యవధి దొరకదు. చల్లటి గోడ తగలగానే కాలకుండానే పొగై పోతాయి. పొగ అంటే కాలని ఇంధనం. మన వంటిళ్ల దూలాలకి పట్టిన నల్లటి జిగురు మసి నిజానికి డబ్బు పెట్టి కొన్న కట్టెలే.

దీనికి విరుగుడుగా 1980లలో ఆరెగాన్ రాష్ట్రంలోని అప్రొవెచో సంస్థలో లారీ వినియార్‌స్కీ ‘రాకెట్ పొయ్యి’ రూపొందించాడు. పేద దేశాల వంటిళ్లలో తక్కువ పుల్లలతో, తక్కువ పొగతో వంట కావాలన్నది ఉద్దేశం. ఇయాంటో ఎవన్స్ దాన్నే ఇల్లు వెచ్చబెట్టే పొయ్యిగా మార్చాడు. దాని అమరిక ఆంగ్ల అక్షరం ‘జే’ లా ఉంటుంది. పుల్లల్ని నిలువుగా ఒక గుంటలోకి దించుతారు. మంట పైకి లేవదు. అడుగున పక్కకి తిరిగి, అవతల నిలువుగా ఉన్న మరో గొట్టంలోకి ఎగబాకుతుంది. ఆ గొట్టం చుట్టూ వేడి బయటికి పోకుండా మందంగా కప్పు ఉంటుంది కాబట్టి లోపల వెయ్యి డిగ్రీల దాకా వేడెక్కుతుంది. పొగ అక్కడే కాలిపోతుంది. బాగా అందుకున్నప్పుడు గొట్టం గుర్రుమని హోరెత్తుతుంది. రాకెట్ అన్న పేరు ఆ హోరుకే వచ్చింది.

ఆ గొట్టం మీద 200 లీటర్ల ఇనప పీపా బోర్లించి ఉంటుంది. పైకొచ్చిన వేడిగాలి పీపాకి తగిలి, అక్కడ గదికి కొంత వేడి ఇచ్చి, కిందికి దిగి, పొడుగాటి మట్టి అరుగు కడుపులోంచి సాగే గొట్టంలోకి వెళుతుంది. బంకమన్ను, ఇసుక, గడ్డి కలిపి అడుసు తొక్కి కట్టిన అరుగు అది. మీటర్ల కొద్దీ మట్టిలో ప్రయాణించి బయటికి వచ్చేసరికి ఆ గాలిలో వేడి చాలావరకు అరుగే తాగేసి ఉంటుంది. బయట గొట్టం చివర తెల్లటి ఆవిరి తప్ప పెద్దగా ఏమీ కనబడదు.

ఇక్కడ చిన్న లెక్క వేస్తే గుట్టు తెలుస్తుంది. రెండు టన్నుల మట్టి అరుగు అనుకుందాం. కిలో మట్టిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 0.9 కిలోజౌళ్లు కావాలి. అరుగు మొత్తం 20 డిగ్రీలు పెరిగితే అందులో 36,000 కిలోజౌళ్లు దాగుతాయి. కరెంటు భాషలో 10 యూనిట్లు. అర కిలోవాటు హీటరు 20 గంటలు నడిచినంత. ఇక 50 ఘనమీటర్ల గదిలో ఉండే గాలి బరువు 60 కిలోలే. దాన్ని అదే 20 డిగ్రీలు పెంచితే పట్టేది 1,200 కిలోజౌళ్లు. అరుగులో దాగినదానిలో ముప్పయ్యో వంతు. అదీ తలుపు తీస్తే ఎగిరిపోతుంది. గాలిని వేడి చేయడం చేతిలో పోసుకున్న నీళ్లు. అరుగుని వేడి చేయడం కుండలో పోసుకున్న నీళ్లు.

అందుకే అక్కడ రాత్రంతా పొయ్యి మండదు. సాయంత్రం రెండు మూడు గంటలు గట్టిగా మండించి ఆర్పేస్తారు. మర్నాడు పొద్దుటికి కూడా అరుగు ఒళ్లు వెచ్చగానే ఉంటుంది. గది మరీ వెచ్చగా లేకపోయినా, అరుగు మీద కూర్చున్న మనిషికి చలి తెలియదు, ఎందుకంటే వేడి, గాలి మధ్యవర్తిత్వం లేకుండా, నేరుగా ఒంటికి ఎక్కుతుంది. బాలింత మంచం కింద కుంపటి పెట్టిన మన అమ్మమ్మలు చేసినదీ ఇదే. ఇల్లంతా కాదు, మనిషిని వెచ్చబెట్టడం. కొరియాలో ఒండోల్ నేల, ఉత్తర చైనాలో కాంగ్ అనే మట్టి మంచం, ప్రాచీన రోమన్ల స్నానశాలల బోలు నేల, అన్నీ ఈ వంశానివే. పొగ బయటికి పోయే ముందు దాని చేత బరువైన దేన్నో వేడెక్కించుకోవడమే వాటి కిటుకు.

కట్టెకి రెండేళ్ల ముందుచూపు

ఎనిమిదింటికి వెలుగు వస్తుంది. కాఫీ తర్వాత మొదటి పని కట్టెలు. చలికాలంలో కొట్టిన కట్టె ఆ చలికాలానికి పనికిరాదు. పచ్చికట్టె బరువులో దాదాపు సగం నీరే. ఆ నీటిని ఆవిరి చేయడానికి కొంత వేడి పోవడం ఒక నష్టం. దానికంటే పెద్ద నష్టం, మంట చల్లబడి పొగ కాలకపోవడం. అందుకని తేమ 20 శాతం లోపు దిగేదాకా, వచ్చే ఏడాదికో ఆ పై ఏడాదికో అని పేర్చి ఆరబెడతారు. ఈ డిసెంబరులో ఒకరు నరికే చెట్టు వెచ్చదనం ఎవరికి అందుతుందో తెలియదు. కలిసి బతికే చోట ఈ పని బాగా సాగడానికి అదీ ఒక కారణం.

మాంటనా అడవుల్లో సన్నసన్న చెట్లు ఒత్తుగా పెరిగితే వేసవిలో కార్చిచ్చుకి అవే మేత. వాటిని పలచన చేయడం ఎలాగూ చేయాల్సిన పని. రాకెట్ పొయ్యికి కావాల్సింది చేతి మందం పుల్లలే కాబట్టి ఆ ఏరివేతే ఇంధనమవుతుంది. శరదృతువులో ఆకు రాల్చే సూదాకు చెట్టు లార్చ్ అక్కడి కట్టెల్లో మేలైనదని పేరు. గడ్డకట్టిన మంచు మీద దుంగలు తేలిగ్గా జారుతాయి, నేల గీరుకుపోదు. లావుగా, పుచ్చిపోయి ఉన్నవాటిని పొయ్యికి వాడరు. వాటిని పేర్చి పైన మట్టి కప్పి ‘హ్యూగెల్’ దిబ్బలు వేస్తారు. లోపల కుళ్లే దుంగ స్పంజీలా మంచునీటిని పీల్చి ఎండాకాలం మొక్కకి అందిస్తుంది. మొదట్లో ఆ కలప కుళ్లడానికి సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటాయి గనక తొలి ఏళ్లలో దిబ్బ మీద చిక్కుడు జాతి మొక్కలు వేయడం తెలివైన పని.

ఆ తర్వాత కోళ్లు. వాటి పుర్రె గుండా మెదడుకి చేరే వెలుగే గుడ్డుకి తాళంచెవి. రోజుకి 14 గంటల వెలుగు ఉంటే గుడ్లు ధారాళంగా పెడతాయి. ఎనిమిదిన్నర గంటల పగట్లో మానేస్తాయి. దీపం పెట్టి పెట్టించేవాళ్లు ఉన్నారు. పక్షికి ఆ విశ్రాంతి కావాలి అనేవాళ్లూ ఉన్నారు. రెండోవాళ్లు వేసవి గుడ్లని కడక్కుండా సున్నపు తేట నీళ్లలో వేసి దాచుకుంటారు. పెంకులోని సన్నని రంధ్రాలు పూడిపోయి గుడ్డు నెలల తరబడి నిలవుంటుంది. గూట్లో మోకాలి లోతు గడ్డీ కలప పెచ్చులూ రెట్టతో కలిసి మెల్లగా కుళ్లుతూ కాస్త వెచ్చదనమిస్తాయి. గూడు బిగించి మూసేస్తే మాత్రం మోసం. కోడి జుట్టు మంచుకాటుకి గురయ్యేది చలికంటే తేమ వల్లే ఎక్కువ. గాలి ఆడాలి, ఈదర కొట్టకూడదు.

నేల కింద ఇంకో రుతువు

నేల చాలా నెమ్మదిగా వేడెక్కుతుంది, అంతే నెమ్మదిగా చల్లారుతుంది. పైన జులైలో కాసిన ఎండ రెండు మీటర్లు దిగేసరికి సుమారు రెండు నెలలు పడుతుంది. నాలుగు మీటర్లకి ఇంచుమించు మూడున్నర నెలలు. అంటే పైన నవంబరు చలి మొదలైనప్పుడు కింద వేసవి నడుస్తుంటుంది. లోతుకి పోయేకొద్దీ తేడా కూడా చిన్నదవుతుంది. రెండు మీటర్ల దగ్గర వేసవికీ చలికీ మధ్య ఊపు పైనున్నదానిలో మూడో వంతుకి కాస్త ఎక్కువ. మిసూలాలో సగటు ఉష్ణోగ్రత ఏడెనిమిది డిగ్రీలు కాబట్టి, బయట సున్నాకి ఇరవై కింద ఉన్నా లోతు మట్టి గడ్డకట్టదు.

మిసూలాకే చెందిన జాన్ హేట్ ఈ ఆలస్యాన్నే ఇంటికి కట్టెయ్యొచ్చని 1983లో ఒక పుస్తకం రాశాడు. ఇంటి చుట్టూ టన్నుల కొద్దీ మట్టిని పొడిగా ఉంచి, పైన గొడుగులా నీరు దిగని పొర పరిస్తే, వేసవి వేడి ఆ మట్టిలో నిలిచి చలికాలం గదిలోకి తిరిగి వస్తుందన్నది ఆయన వాదం. తడి మట్టి వేడిని మోసుకుపోతుంది గనక పొడిగా ఉంచడమే అందులో కీలకం. మైక్ ఓలర్ అనే ఇంకొకాయన దుంగలతో, ప్లాస్టిక్ పరదాతో, అతి తక్కువ ఖర్చులో భూగృహాలు కట్టి చూపించాడు. ఈ ఇద్దరి ఆలోచనలనీ కలిపి వీటన్ ల్యాబ్స్‌లో ‘వొఫాటి’ అనే దుంగల ఇళ్లు కడుతున్నారు. బయటి నుంచి చూస్తే గడ్డి మొలిచిన గుట్టలా ఉంటుంది. దక్షిణం వైపు మాత్రం కిటికీలు.

మంచు కూడా దుప్పటే. కొత్తగా కురిసిన మంచులో తొంభై శాతం గాలే. గాలిని కదలకుండా పట్టుకున్నది ఏదైనా, ఉన్నిగానీ ఈకలుగానీ గడ్డిగానీ, చలిని ఆపుతుంది. మోకాలి లోతు మంచు కింద నేల సున్నా డిగ్రీలకి అటూ ఇటూగా ఉండిపోతుంది. అక్టోబరులో నాటి గడ్డి కప్పిన వెల్లుల్లి దాని కింద నిద్రపోతూ ఉంటుంది. ఆ చలి దానికి అవసరం. చలి సరిగా తగలకపోతే రెబ్బలుగా విడవకుండా ఒంటిపాయగా ఊరుకుంటుంది. ఆపిల్ గింజకీ అంతే. తడి ఇసుకలో, రెండు మూడు నెలలు చలిలో ఉంటేనే దానిలో మొలకని ఆపే రసాయనం తగ్గి, మొలవమనే రసాయనం పెరుగుతుంది. శరదృతువులో రాలిన గింజ తొందరపడి మొలిచి మంచులో చావకుండా చెట్టు వేసిన తాళం అది. కాయాలన్నా చెట్టుకి వందల గంటల చలి కావాలి. ఆ అవసరం తక్కువగా ఉన్న రకం వచ్చాకే మన ఆసిఫాబాద్ జిల్లాలో ఆపిల్ కాసింది. సెలవుల్లో తోట పని లేదనిపిస్తుంది గానీ, చలే అక్కడ కూలి లేకుండా తోటపని చేస్తోంది.

కుప్పలో కుంపటి

మంచు పరుచుకున్న పెరట్లో ఒక్క చోట మాత్రం తెలుపు కరిగి ఆవిరి లేస్తుంటుంది. అది ఎరువు కుప్ప. కలప పొట్టు, ఆకులు, పేడ కలిపి, కర్బనం పాతిక ముప్పయి పాళ్లకి నత్రజని ఒక పాలు ఉండేలా పేరిస్తే సూక్ష్మజీవులు దాన్ని తింటూ 55 నుంచి 65 డిగ్రీల దాకా వేడెక్కిస్తాయి. కుప్ప కనీసం ఘనమీటరు ఉండాలి. చిన్న కుప్పకి కడుపు తక్కువ, చర్మం ఎక్కువ. పుట్టిన వేడి పుట్టినట్టే పోతుంది. ఫ్రాన్స్‌లో జాన్ పాన్ అనే ఆయన 1970లలో దీన్ని ఎంత దూరం తీసుకెళ్లాడంటే, పొదల కొమ్మల పొట్టుతో 50 టన్నుల కుప్ప పెట్టి, మధ్యలో నీళ్ల గొట్టం చుట్టి, 60 డిగ్రీల వేడినీళ్లు నెలల తరబడి తీశాడు. చివరికి కుప్ప ఎరువుగా పొలానికి చేరింది.

వేడి దాచినట్టే తిండీ దాస్తారు. కొండ వాలులో తవ్విన దుంపల గది అచ్చంగా పాతరే. క్యారట్, బీట్‌రూట్‌లకి సున్నాకి కాస్త పైన, తొంభై శాతం దాటిన తేమ. తడి ఇసుకలో పొరలు పొరలుగా పేరుస్తారు. బంగాళాదుంప ఇంకాస్త వెచ్చగా ఉండాలి. నాలుగు డిగ్రీల కంటే చల్లబడితే పిండిపదార్థం చక్కెరగా మారి తియ్యబడుతుంది. గుమ్మడికి పొడిగా, పది డిగ్రీల పైన. ఆపిళ్లని వీటన్నిటికీ దూరంగా పెట్టాలి. అవి విడిచే ఇథిలీన్ వాయువు క్యారట్‌ని చేదెక్కిస్తుంది. మనం మామిడికాయల్ని గడ్డిలో మాగబెట్టేటప్పుడు కావాలని బంధించే వాయువే ఇక్కడ పంపేయాల్సిన శత్రువు. క్యాబేజీని సన్నగా తరిగి, వందకి రెండు పాళ్లు ఉప్పు పిసికి, జాడీలో రాయి పెట్టి తొక్కుతారు. గాలి లేని ఆ ఉప్పు రసంలో ముందు ఒక జాతి బ్యాక్టీరియా, పులుపు పెరిగాక అంతకంటే మొండి జాతి పనిచేసి, కుళ్లబెట్టే వాటికి చోటు లేకుండా చేస్తాయి. మన తరవాణి కుండలో జరిగే పనికి ఇది దగ్గరి చుట్టం.

పండగ వంట కూడా దాలి పద్ధతే. రాత్రంతా నానిన చిక్కుడు గింజలని పొయ్యి మీద తెర్లించి, మూత తీయకుండా ఎండుగడ్డి నింపిన పెట్టెలో దించి పైన దుప్పటి కప్పేస్తారు. పొయ్యి మానినా వేడి పోదు గనక వంట సాగుతూనే ఉంటుంది. ఒక్క జాగ్రత్త: రాజ్మాలాంటి గింజల్లో ఉండే విషపదార్థం పోవాలంటే ముందు కనీసం పది నిమిషాలు గట్టిగా మరగాలి. అందరూ కలిసి తినే రాత్రి ఆ పెట్టె, క్యాబేజీ జాడీ, దుంపలు, ఆపిళ్లు బయటికి వస్తాయి. డిసెంబరు 21 రాత్రి, అతి పొడవైన రాత్రిని, ఇలాంటి సముదాయాలు చాలాచోట్ల నెగడు వేసి జరుపుకుంటాయి. మన భోగికి మూడు వారాల ముందు వచ్చే వాళ్ల భోగి. ఏడాది పొడుగునా పుల్ల పుల్లా లెక్కపెట్టుకున్నవాళ్లు ఆ ఒక్కరోజు ఆకాశానికి వేడి ధారపోస్తారు. పండగంటే అదేనేమో.

మిగిలిన పొడుగాటి సాయంత్రాలు అరుగు మీద గడుస్తాయి. కొడవళ్లు, గొడ్డళ్లు నూరి పిడులకి అవిసె నూనె పట్టిస్తారు. పచ్చికర్రతో గరిటెలు చెక్కుతారు. విత్తనాలు ఏరుతారు. పాత గింజలు బతికున్నాయో లేదో తెలియడానికి తడిగుడ్డలో చుట్టి ఎన్ని మొలిచాయో లెక్కిస్తారు. మన రైతులు గోనెపట్టాలో చేసే మొలక పరీక్షే అది.

కొలతకి అందినదీ అందనిదీ

ఇంత చెప్పాక ఇంకో వైపూ చెప్పాలి. రాకెట్ అరుగుకి మామూలు పొయ్యిలో పదో వంతు కట్టెలే చాలంటారు అభిమానులు. అది పాత పొయ్యి ఎంత చెడ్డది, ఇల్లు ఎంత బిగువుగా ఉంది, కట్టిన చెయ్యి ఎవరిది అన్నదాన్ని బట్టి మారుతుంది. అన్ని ఇళ్లకీ వర్తించే అంకె కాదు. సరిగా కట్టని పొయ్యి, పగిలిన గొట్టం కార్బన్ మోనాక్సైడ్‌ని గదిలోకి వదులుతాయి. దానికి రంగూ వాసనా లేవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. హెచ్చరిక గంట లేని ఇంట్లో ఏ కట్టెల పొయ్యీ ఉండకూడదు. పైగా ఇది చలిదేశపు ఇంటి పొయ్యి. మనకి దీని అవసరం లేదు. అక్కడి జనం ఉప్పు, కాఫీ, రంపపు బ్లేడు, ఇంటర్నెట్ బయటి నుంచే తెచ్చుకుంటారు. పూర్తి స్వయంసమృద్ధి ఎక్కడా లేదు.

కానీ పొగ విషయంలో వాళ్ల పట్టుదలకి మంచి కారణమే ఉంది. చలికాలం లోయలో చల్లటి బరువు గాలి అడుగున, వెచ్చటి గాలి పైన చేరి మూత పెట్టినట్టవుతుంది. కింద పుట్టిన పొగ పైకి పోదు. కట్టెల పొయ్యిల పొగ ఇలా నిలిచిపోయి ఇబ్బంది పెట్టడంతో మిసూలా ప్రాంతం దశాబ్దాల కిందే పొయ్యిల మీద నిబంధనలు తెచ్చింది. ధనుర్మాసపు వేకువన మన ఊరి పొయ్యిల పొగ ఇళ్లకప్పుల ఎత్తున తెల్లటి పొరలా పరుచుకోవడం చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

మరి మనకి ఇందులో పాఠం ఏముంది? 1987లో బిల్ మోలిసన్ భారతదేశం వచ్చి పెర్మాకల్చర్ పాఠాలు చెప్పినప్పటి నుంచి ఆ విత్తనం తెలంగాణలో ఉంది. కొప్పుల నర్సన్న, పద్మ దంపతులు ‘అరణ్య’ సంస్థ ద్వారా దాన్ని పెంచారు. 2017లో అంతర్జాతీయ పెర్మాకల్చర్ సమావేశం హైదరాబాదులోనూ, జహీరాబాద్ దగ్గరి బిడకన్నెలోనూ జరిగింది. బిడకన్నె చలికాలంలో దాచాల్సింది వేడి కాదు, నీరు. వానాకాలపు చినుకుని గట్లతో, కందకాలతో, ఆకుల కప్పుతో నేలలో నిలపగలిగితే, చలికాలమంతా శనగ, కుసుమ, తెల్లజొన్న తడి పెట్టకుండానే పండుతాయి. పెద్దలు వాటిని మంచుకు పండే పంటలంటారు. మంచు చేసే సాయం కొంతే. రెండు మీటర్ల లోతుకి దిగే కుసుమ వేరు తాగేది సెప్టెంబరు వాన. సంక్రాంతికి జహీరాబాద్ ఊళ్లలో తిరిగే పాత పంటల జాతర బండ్ల మీద కనబడే గింజల్లో ఆ దాచిన నీటితో పండినవీ ఉంటాయి.

మాంటనా అరుగులో నిన్నటి మంట, బిడకన్నె నేలలో మొన్నటి వాన. రెండు చోట్లా సూత్రం ఒక్కటే, దాచే సరుకు వేరు. నమ్మకం కుదరకపోతే ఒక ప్రయోగం చేయండి. మందపాటి గిన్నెలో నానిన బియ్యానికి సరిపడా నీళ్లు పోసి అయిదారు నిమిషాలు తెర్లనివ్వండి. పొయ్యి ఆపి, మూత బిగించి, గిన్నెని రెండు బొంతల్లో చుట్టి గంపలో పెట్టండి. ముప్పావుగంట దాకా మూత తీయొద్దు. తీసేసరికి అన్నం ఉడికి ఉంటుంది, పొయ్యి మాత్రం ఎప్పుడో చల్లారి ఉంటుంది.